సంచిలో మోగిన ఫోన్లు

తిరువూరులో నేనెక్కిన ఎ.కొండూరు బస్సు ఊరు దాటగానే, పక్క సీటావిడ ఒళ్లో ఉన్న కూరల సంచి మోగింది. ఆవిడ అందులోంచి ఫోన్ తీసి, "ఆఁ, చెప్పండి" అంది. అవతల మగగొంతు అరుస్తోంది. ఆవిడ మామిడితోటలు చూస్తూ ఊఁ కొడుతూ కూర్చుంది. అది పెట్టేసేలోపు సంచిలో ఇంకోటి మోగింది.

"ఇన్ని ఫోన్లేంటండీ?" అన్నాను.

"మా గ్రూపు ఆడోళ్లవమ్మా. అందరం కలిసి లోన్ తీసుకున్నాం, పనుల్లేక వాయిదాలు ఆగిపోయాయి. లోనోళ్లు పొద్దస్తమానం తిడతా ఉంటే మాలో ఒక పిల్ల మొన్న పురుగుమందు డబ్బా మూత తీసింది. అందుకే రోజుకొకళ్లం అందరి ఫోన్లూ పట్టుకుని, ఆ తిట్లు మిగతావాళ్ల చెవిన పడకుండా ఇట్టా బస్సెక్కుతున్నాం. తిట్లు తినడం ఇవాళ నా వంతు."

"స్విచ్చాఫ్ చేసేయొచ్చుగా?"

"చేస్తే ఇంటి మీదకొస్తారు."

అంతలో రెండు ఫోన్లు ఒకేసారి మోగాయి. ఆవిడ ఒకటి చెవిన పెట్టుకుని, రెండోది నా చేతిలో పెట్టింది. "ఇది ఆ పిల్లది. ఊఁ అంటా ఉండమ్మా, చాలు."

ఊఁ అన్నాను. అవతలివాడు ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి, "చస్తే చావు! ఇన్సూరెన్సు ఉందిగా, మా బాకీ మాకొచ్చేస్తుంది" అన్నాడు.

ఫోన్ పెట్టేయబోయాను. ఆవిడ తన ఫోన్లో మాట్లాడుతూనే నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"ఊఁ" అన్నాను.

ఆ మాట ఆ పిల్లదాకా వెళ్లలేదు. ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.