గూనల గది

మొన్న ఆదివారం గోదావరిఖనిలో మా తమ్ముడు బాగుచేయించిన మా పాత ఇంటిని చూడ్డానికి పిలిస్తే వెళ్లాను. వెనక గది స్లాబు కొట్టించి మళ్లీ గూన పెంకులు వేయించాడు. ఏసీ లేకుండానే చల్లగా ఉంటుందని, పర్యావరణానికి మేలని పట్నం నుంచి వచ్చిన డిజైనర్ చెబుతుంటే చుట్టాలందరూ తలలూపారు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, అప్పట్లో మా వీధి ఇళ్లన్నీ గూనలవే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయిందంటే ఇల్లు అదిరి పెంకులు జారేవి, అన్నంలో దుమ్ము రాలేది. నాన్న షిఫ్టు దిగి వచ్చి, పెరట్లోనే ఒంటి మీది బొగ్గు కడుక్కుని, నిచ్చెన వేసుకుని పైకెక్కేవాడు. లోపలి నుంచి అమ్మ వెలుతురు పడే సందులను కర్రతో పొడిచి చూపిస్తుంటే గూనలు సర్దేవాడు. ఆ వేళకు వీధి మగవాళ్లందరూ ఇళ్ల మీదే ఉండేవారు, కప్పు నుంచి కప్పుకు ఒకటే పరాచికాలు.

నాన్న పోయాక ఎక్కేవాళ్లు లేరు. కాంట్రాక్టులు చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్న తమ్ముడికి పెంకుటిల్లంటే నామోషీ పట్టుకుంది. ఇల్లంతా స్లాబు వేయిస్తానన్నాడు. వెనక గదిలో ఉండే అమ్మ అడిగింది ఒక్కటే.

"నా అర్రకన్న గూనలు ఉండనియ్యి బిడ్డా, స్లాబు కింద నా పాణం ఉడికిపోతది."

"ఎవలన్న చూస్తె నవ్వుతరే అవ్వా. ఫ్యాను పెట్టిస్త తియ్."

రామగుండం ఎండలు తెలిసినవే కదా. ఫ్యాను వేడిగాలే విసిరేది. అమ్మ మంచం వదిలేసి, నేల తడుపుకుని, కొంగు పరుచుకుని పడుకునేది. నేను మంచిర్యాల నుంచి వచ్చినప్పుడల్లా వాడితో పోట్లాడితే, పెళ్లై పోయినదానివి నీకెందుకని నా నోరు మూయించాడు. ఒక నడి ఎండాకాలంలో ఆ గదిలోనే అమ్మ పోయింది. వయసైపోయిందన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను.

మొన్న వాడు నా చెయ్యి పట్టుకుని "ఎట్లుందక్కా, సల్లగున్నదా?" అని మురిసిపోతూ అడిగాడు. వాడికి ఏదీ గుర్తులేదు. అమ్మ బతిమాలడం కూడా గుర్తులేదు. నేను భోజనం చేయకుండానే చెప్పులేసుకున్నాను.

ఇప్పుడు పెంకులను కింద నుంచి బిగించేశారు, ఎంత అదిరినా జారవట. వీధిలో ఏ కప్పు మీదా మనిషి జాడ లేదు. గది మాత్రం నిజంగానే చల్లగా ఉంది, అదే నాకు భరించరానిదైంది. ఇందులో ఎవరు పడుకుంటారని గుమ్మంలో మరదలిని అడిగాను. ఎవరూ పడుకోరట, వచ్చినవాళ్లకు చూపించడానికట.