మూడేండ్లు యాడ పోతివప్పా?

ఆ పొద్దు నా చొక్కాకు మా అవ్వ పెట్టిన గంజితో పెనుకొండ కోట గోడను ఇంకో వరస పైకి లేపి ఉండొచ్చు. ఇంట్లో అన్నం వార్చిన గంజి చాలక పక్కిండ్ల నుంచి కూడా అడిగి తెచ్చి పోసింది. నేను కూర్చుంటే నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి, చొక్కా నిలబడే ఉండేది. ధర్మవరం రైలెక్కేటప్పుడు చేతులు వంగక టిక్కెట్టు నోట పండ్లతో కరిచి పట్టుకున్నా. ఎదురు బెంచీలో కూర్చున్న ముసలాయన నా వాలకం చూసి, పాపం, వీనికి రెండు చేతులూ విరిగి కట్లు కట్టినారనుకుని అరటిపండు ఒలిచి నోట్లో పెట్టినాడు.

అంత గంజి ఎందుకయ్యా అంటే, అది నా మూడో ఇంటర్వ్యూ. మొదటి రెండిట్లో నన్ను ఒకే ప్రశ్న పడగొట్టింది. ఆ ప్రశ్నకు జవాబు లేక కాదు. ఉంది. ఉన్న జవాబు చెప్తే పదిమందీ పడీ పడీ నవ్వుతారు, అదీ నా బాధ.

ఎస్సెల్సీ పాసైన వెంటనే హిందూపురంలో ఒక బెల్లం మండీలో గుమాస్తాగా చేరినా. చీమలూ నేనూ కలిసి సంవత్సరం పాటు ఆ మండీని నడిపినాం. తర్వాత మండీ పెట్టిన అన్నదమ్ములిద్దరూ కొట్లాడుకొని వేరుపడినారు. పంపకాలు ఎంత నిక్కచ్చిగా జరిగినాయంటే తక్కెడ కర్ర అన్నకూ, దాని పళ్లేలు తమ్మునికీ వచ్చినాయి. నన్ను మాత్రం నాకే వదిలేసినారు. గోనెసంచి భుజానేసుకొని పెనుకొండ దగ్గరి మా ఊరికి వచ్చేసినా.

మా అవ్వ అప్పుడే పట్టుపురుగులు పెట్టింది. కన్నడ సీమలో ఉండే ఆమె చెల్లెలు గుడ్లిచ్చి, పెంచే విధానం నేర్పి పంపించింది. మా ఊర్లో అంతకు ముందు పురుగును చూసి పారిపోవడమే గానీ, పిలిచి అన్నం పెట్టిన వాళ్లు లేరు.

"రెండు దినాలు ఆకు కోసియ్యిరా. కొలువు దొరికినాక పోదువు గానీ" అనింది అవ్వ.

ఆ రెండు దినాలు మూడేండ్లయినాయి.

పట్టుపురుగుల కొలువంటే ఏమనుకున్నారో! ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి గది వాటిది. మేము వాకిట్లో పడుకునేవాళ్లం. ఎండాకాలం వాటికి ఉక్క పోస్తుందని కిటికీలకు, తలుపుకు తడి గోనెపట్టలు కట్టేవాళ్లం. మాకు ఉక్క పోస్తే ఎవరూ ఏమీ కట్టలేదు. మల్బరీ ఆకు వేసిన తట్టల్లో అవి మేస్తుంటే వాన కురిసినట్టు శబ్దం వచ్చేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ చప్పుడు విని, బయట ఆరేసిన గుడ్డలు లోపలికి తెచ్చేవాళ్లు. పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచేది. దాన్ని జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగు మేత ముట్టదు, కదలదు. ఇంట్లో అందరం గుసగుసలతోనే బతికేవాళ్లం. నాకు జ్వరమొస్తే మిరియాల కషాయం పోసి ఆకు కొయ్యడానికి పంపించిన అవ్వ, వాటికి జ్వరమొస్తే చెప్పులు కూడా వీధిలోనే విప్పించేది.

వాటికి వాసన గిట్టదు. తిరగమోత లేదు, తలకు నూనె లేదు, అత్తరు లేదు. అన్నిటికన్నా పెద్ద శత్రువు పొగాకు. బీడీ తాగిన చెయ్యి తగిలినా పురుగు చచ్చిపోతుంది. అందుకే నన్ను గడప దగ్గర కడవతో, చెంబుతో కాపలా పెట్టింది. ఎవరొచ్చినా కాళ్లూ చేతులూ కడిగించాల. బీడీ కనిపిస్తే బయటికి తరమాల. ఆ గడప మీద నేను తరమని మనిషి లేడు. మా మేనమామను తరిమినా. ఆయన కోపంతో ఊరి చివరి బావి దాకా పోయి, నిలువునా స్నానం చేసి వచ్చినాడు. ఆ ఒక్క స్నానంతో ఆయన రంగే మారిపోయి, మా అత్త గుర్తుపట్టలేక ముసుగేసుకుంది.

ఇంతలో నాకు రొద్దంలో పిల్లను చూసినారు. తల వంచుకొని కూర్చున్న ఆ పిల్ల, అందరూ పంచాంగం మాటల్లో ఉండగా, నెమ్మదిగా నన్ను ఒక్కటే అడిగింది.

"ఆ పురుగులు కుడతాయా?"

"లేదు. తింటాయంతే. మా నాయన మాదిరి."

ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అంతే, నా పని అయిపోయింది. తిరుగు ప్రయాణంలో ఎద్దులబండి నేల మీద పోయిందో మేఘాల మీద పోయిందో ఆ ఎద్దుల్నే అడగాల.

పిల్ల తండ్రి మాత్రం మా నాయనను పక్కకు పిలిచినాడు.

"పిల్లోడు బాగుండాడప్పా. కానీ అల్లుడేం జేస్తాడని ఊర్లో అడిగితే పురుగులు మేపుతాడని ఎట్ల జెప్పేది? నెల జీతమొచ్చే కొలువు సూసుకోమను. ఉగాది దాకా ఆగుతా. ఆ తర్వాత మడకశిర సంబంధం ఖాయం చేసుకుంటా."

మడకశిరలోని ఆ పిల్లోనికి బట్టల అంగడి ఉందట. నా లెక్క ప్రకారం వాని మెడ పొట్టిది, చెవులు పెద్దవి. నేను వాణ్ణి ఎప్పుడూ చూడలేదనుకోండి.

మొదటి ఇంటర్వ్యూ హిందూపురంలో, ఒక బస్సు కంపెనీలో. గుమాస్తాగిరీకి. కంపెనీ యజమాని నా కాగితాలు తిప్పి, "బెల్లం మండీ మానినాక మూడేండ్లు యాడ పోతివప్పా?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పినా. ఆయన నన్ను ఆగమని, డ్రైవర్లను, కండక్టర్లను, గ్యారేజీలో బస్సు కింద పడుకున్నవాణ్ణి కూడా లేపి పిలిపించి, మళ్లీ మొదటి నుంచి చెప్పించినాడు. వాళ్ల నవ్వుకు రేకుల కప్పు లేచి పడింది. "మా బస్సులో పురుగులకు సీట్లు లేవబ్బా" అని సాగనంపినారు.

రెండోది పెనుకొండలో, ఒక ఎరువుల అంగట్లో. ఈసారి తెలివిగా "సేద్యం చేసినా" అన్నా. అంగడి యజమాని సంతోషంగా లేచి, "సేద్యం తెలిసినోనివి, దాన్ని ఇడిచిపెట్టి ఈడికెందుకొస్తివి? పోయి సేద్యమే చేసుకోపో. మా దగ్గరే ఎరువు కొందువు గానీ" అన్నాడు. కొలువు ఇవ్వకపోగా ఇంచుమించు ఎరువు మూట నెత్తికెత్తినాడు.

ఉగాది దగ్గరపడింది. ఊరంతా మా వాకిట్లో చేరి నా మూడేండ్లను యాడ దాచిపెట్టాలా అని ఆలోచన చేసింది. ఒకరు కాశీకి పోయినా అని చెప్పమన్నారు. ఒకరు మద్రాసు అన్నారు.

"దేశం కోసం జైలుకు పోయినా అని చెప్పురా" అన్నాడు మా మేనమామ.

"స్వతంత్రం వచ్చి పదేండ్లు దాటింది గదా మామా!"

"నీకు ఆలస్యంగా తెలిసిందని చెప్పు."

చివరికి మా నాయన తీర్పు చెప్పినాడు. "టైఫాయిడ్ జ్వరమని చెప్పు. అంతా అబద్ధం కూడా కాదు గదా. ఇంట్లో జ్వరాలు నిజమే. ఎవరికి వచ్చినాయని వాళ్లు అడగరు."

ఆ టైఫాయిడ్‌ను వల్లె వేసుకుంటూ, గంజి చొక్కా తొడుక్కొని ధర్మవరంలో దిగినా.

పని చెనక్కాయల నూనె మిల్లులో, గోడౌను గుమాస్తా. ధర్మవరం ఎండ గురించి నేనేమీ పెంచి చెప్పను, స్టేషను నుంచి మిల్లుకు పోయేలోపల నా నీడ కూడా నా చొక్కా కిందికి దూరి దాక్కుంది. మిల్లు ఆఫీసు గోడౌనుకు ఆనుకొనే ఉంది. గుమ్మం దగ్గరికి పోయి నిలబడినా. అక్కడే నా కొంప మునిగింది.

గుమ్మానికి తడి గోనెపట్ట కట్టి ఉంది. కిటికీలకూ తడి గోనెపట్టలే. లోపల మసక చీకటి. గోడ పొడుగునా వెదురు తట్టలు, ఒకదాని మీద ఒకటి. వాటిల్లో ఉండేది మచ్చుకు తెచ్చిన చెనక్కాయలే. కానీ నా కాళ్లకు, చేతులకు ఆ సంగతి ఎవరు చెప్పాల? అవి మూడేండ్లుగా నేర్చింది ఒకటే. చెప్పులు విడిచినాయి. గుమ్మం పక్కన తాగే నీళ్ల కడవ ఉంటే ముంచి మోచేతుల దాకా, మోకాళ్ల దాకా కడిగినాయి. గంజి కరిగి చొక్కా నడుం దగ్గర కూలింది. పట్ట పక్కకు తీసి పిల్లిలాగా లోపలికి పోయినా.

లోపల ఇద్దరున్నారు. బల్లకు అటు మద్రాసులో చదువుకొచ్చిన మేనేజరు. ఆయన పక్కన, చేతుల బనీను, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, కొండంత మనిషి. ఆయనే మిల్లు షావుకారు. నాకది తెలియదు. తూకం వేసే ఆయనేమో అనుకున్నా.

"మీ పేరు?" అన్నాడు మేనేజరు.

చెప్పినా.

"ఏమిటీ? గట్టిగా చెప్పండి."

మళ్లీ చెప్పినా, గుసగుసగానే. ఆ గదిలో గొంతు పైకి రాలేదు.

"గొంతు బాగాలేదా?" అని, కాగితాలు తిప్పుతూ ఆయన వచ్చేచోటికే వచ్చినాడు. "మండీలో మానేశాక మూడేళ్లు ఖాళీగా ఉంది. ఈ మూడేళ్లూ ఏం చేశారు?"

నోరు తెరిచినా. టైఫాయిడ్ నాలుక చివరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ పెద్దాయన బనీను జేబులోంచి మూరెడు చుట్ట తీసి నోట్లో పెట్టుకొని, అగ్గిపుల్ల గీసినాడు.

తర్వాత అరిచింది నేను కాదు. నాలోంచి మా అవ్వ అరిచింది.

"ఏమప్పా! కండ్లు కనపడవా? చుట్ట తీసుకొని బయటికి పో! ఆర్పి, సున్నంతో చేతులు తోమి కడుక్కొని రా! లేకుంటే గడప తొక్కద్దు!"

మిల్లు ఆగిపోయింది. నిజంగానే ఆగిందో, నా చెవులే ఆగినాయో చెప్పలేను. మేనేజరు చేతిలోని పెన్ను గాల్లోనే ఉండిపోయింది. ఆ కొండంత మనిషి లేచి, అగ్గిపుల్ల ఊది, గోనెపట్ట పక్కకు తోసుకొని బయటికి పోయినాడు. నీళ్ల చప్పుడు వినిపించింది. చేతులు కడుక్కుంటున్నాడు. ఇంతలో ఆ చప్పుడు టక్కున ఆగింది. బయట ఉన్నాయనకు ఏదో గుర్తొచ్చినట్టుంది.

"ఆయన ఎవరో తెలుసా?" అన్నాడు మేనేజరు, ఈసారి ఆయనే గుసగుసగా. "షావుకారు గారు!"

రొద్దం పిల్ల, ఎర్రంచు పసుపు చీరలో, మడకశిర వైపు బండెక్కి పోతున్నట్టు కండ్ల ముందు కనిపించింది.

షావుకారు తడి చేతులతో లోపలికి వచ్చి నా ముందర నిలబడినాడు.

"ఏమబ్బా, ఈ మిల్లు నాదా, నీదా?"

"మీదే సామీ."

"మరి నన్నెందుకు తరిమితివి?"

ఇంక టైఫాయిడ్ ఏం పనికొస్తుంది? పురుగుల సంగతంతా చెప్పినా. గడప, కడవ, చెంబు, అవ్వ, మేనమామ స్నానం, అన్నీ. తడి పట్టలూ తట్టలూ చూసి మా పురుగుల గదే అనుకొంటినని కూడా చెప్పినా. హిందూపురం రేకుల కప్పు గుర్తొచ్చి, నవ్వు ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తున్నా.

షావుకారు నవ్వలేదు. కుర్చీ లాక్కొని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఊర్లో పెద్దరెడ్డి వచ్చింటే?"

"వచ్చినాడు సామీ. వాకిట్లోనే నిలబెట్టినా."

"మీ నాయన బీడీతో వచ్చింటే?"

"మూడేండ్లుగా ఆయన లోపలికి రానేలేదు."

షావుకారు మేనేజరు వైపు తిరిగి బల్ల గుద్దినాడు. తట్టల్లో చెనక్కాయలు ఎగిరి పడినాయి.

"ఇన్నావా? పోయిన వేసంగిలో గోనెసంచులు ఎందుకు అంటుకునె? మా బావమరిది బీడీ. అడ్డం చెప్పరా అంటే ఉన్న గుమాస్తా ఏమనె? షావుకారు బావమరిదికి ఎట్ల చెప్పేదనె. ఆనికి ముందు ఉన్నోడు అగ్గిపెట్టె గూడా తానే ఇచ్చె. ఈ పిల్లోడు నన్నే తరిమినాడు! నేను పోయి చేతులు గూడా కడుక్కున్నా! ఇంతకంటే ఏం పరీక్ష పెడతావు?"

"సార్, ఆ మూడేళ్లకు సర్టిఫికెట్టు..." అన్నాడు మేనేజరు.

"నా చేతులు సూడు, తడి ఆరలేదు. ఇదే సర్టిఫికెట్టు" అని షావుకారు రెండు చేతులూ ఆయన మొహం ముందర పెట్టినాడు. "రేపు పొద్దున్నే వచ్చి చేరు. జీతం నెలనెలా. మా బావమరిదిని మొదటిదినమే తరమాల, తెలిసిందా? నేను సూడాల."

తిరుగు రైల్లో నేను కూర్చోలేదు. ఆనందంతో కాదు, చొక్కా నుంచి కరిగి కారిన గంజి ఎండి పంచె బిగుసుకుపోయింది. కానీ పెనుకొండ స్టేషన్లో నన్ను చూసిన మా నాయన, నేను ఛాతీ విరుచుకొని నిలబడి వస్తుంటే రాజులాగా ఉన్నానని ఇప్పటికీ చెప్తాడు. సంగతి విని, తలగుడ్డ తీసి మళ్లీ కొత్తగా చుట్టుకున్నాడు. ఇంటికి కూడా పోకుండా, దోవలో కనిపించిన బండి ఆపి రొద్దం తోలమన్నాడు.

పిల్ల తండ్రి అరుగు మీదే ఉన్నాడు.

"కొలువు వచ్చిందప్పా. ధర్మవరం మిల్లులో. నెల జీతం" అన్నాడు మా నాయన, అరుగు ఎక్కకముందే.

"ఆ మూడేండ్ల సంగతి అడగలేదా వాళ్లు?"

"అడిగినారు మామా. దానికే ఇచ్చినారు" అన్నా నేను. అప్పటికి ఆయన నాకింకా మామ కాలేదు. నోరు జారింది, వెనక్కి తీసుకోలేదు.

ఆయన నన్ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసినాడు. తర్వాత లోపలికి తిరిగి, "అమ్మీ, కాఫీ పెట్టమను!" అని కేకేసినాడు. ఆ కాలంలో రొద్దంలో ఊరికే వచ్చినోళ్లకు మజ్జిగే. కాఫీ అంటే తాంబూలాలకు దినం చూస్తున్నారని అర్థం.

కాఫీ తెచ్చింది ఆ పిల్లే. లోటా నా చేతికిస్తూ, ఎవరికీ వినపడకుండా, "ఎట్లుందో చెప్పు" అనింది. అది పొయ్యి మీద నుంచి దించిన నిప్పు. గొంతులోంచి కడుపు దాకా దారి పొడుగునా కాల్చుకుంటా పోయింది. దాంట్లో చక్కెరకు బదులు ఉప్పు పడింది కూడా.

"ఇట్లాంటి కాఫీ హిందూపురంలో కూడా తాగలేదు" అన్నా. లోటా ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమని చాపినా.