తలుపు తియ్యని కారు

మేముండేది బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో. నిరుడు ఎండాకాలం, మా ఆయనకు డ్యూటీ లేని రోజున, అత్తమ్మను తీసుకుని అడవిలోని పాత శైవ మఠం చూడటానికి ఆటోలో వెళ్లాం. కాకతీయుల నాటిదంటారు. సగం కూలిపోయినా లోపల ఎంత చల్లగా ఉందో!

మండపంలో నలుగురు మగవాళ్లు చెక్కడపు రాళ్లతో పొయ్యి పెట్టి కోడికూర వండుతున్నారు. సరిగ్గా పైన పెద్ద తేనెతుట్టె వేలాడుతోంది.

“అన్నా, మంట ఆర్పుండ్రి. మీద తుట్టె కనబడ్తలేదా? గా బొమ్మల రాళ్లు పొయ్యికేనా దొరికినయి?” అన్నాను.

“ఇదేమన్న నీ ఇల్లా అక్కా? నీ పని నువ్వు చూస్కో” అని ఒకతను నవ్వాడు.

మేము బయటికొచ్చామో లేదో, పొగకు తేనెటీగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ నలుగురూ ఉరికి, బయట ఆపుకున్న తమ కారెక్కి అద్దాలు మూసుకున్నారు. మా ఆటో దూరంగా రోడ్డు మీద ఉంది. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ ఉరకలేకపోయింది. ఆమెను కారు దాకా ఈడ్చుకొచ్చి, అద్దం మీద రెండు చేతులతో కొట్టాను.

“ముసలామె ఉన్నది, ఆమెనొక్కదాన్ని ఎక్కించుకోండ్రి!”

“ఈగలు లోపలికొస్తయి!” అని అరిచి వెళ్లిపోయారు.

అత్తమ్మను పడుకోబెట్టి, కూర్చోవడానికి తెచ్చుకున్న దుప్పటి కప్పి, నేనూ మా ఆయనా ఆమె మీద వంగి ఉండిపోయాం. ఈగలు తగ్గాక దవాఖానకు చేరాం. మాకు ముళ్లు పీకుతుంటే అత్తమ్మ, “వాళ్లు పొయ్యన్న ఆర్పిన్రా బిడ్డా? అడవి అంటుకుంటది” అంది. మా ఆయన వాచిన మొహంతోనే తిరిగి వెళ్లి ఆర్పి వచ్చాడు.

ఈగల మీద నాకు కోపం లేదు. గూటికి పొగపెడితే అవి ఊరుకుంటాయా? ఆ నలుగురిలో ఎవరైనా ఇది చదువుతుంటే, మా అత్తమ్మ బతికే ఉంది. మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను.