మోరీ అడగాలంటే ఏ పార్టీ?

రాతలో తప్పులుంటే మన్నించండి, నేను ఏడో తరగతి వరకే చదివాను. కొండపాక దగ్గరి మా ఊళ్లో ఆడవాళ్లకు కేటాయించిన వార్డుకు నేను మెంబర్‌ను. మా వాడలో మోరీ పొంగి మురుగునీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి, మొన్న అత్తమ్మ జారిపడింది. పోయిన మీటింగులో నా తరఫున మా ఆయనే అడిగితే, అవతలి పార్టీ వాళ్లమని పక్కన పెట్టారు. ఈ రోజు నేనే అడుగుదామని వెళ్తే పంచాయతీ గుమ్మంలో ఆయన ఆపాడు.

"ఇయ్యాల మోరీ ముచ్చట తియ్యకు."

"నిన్న నువ్వే అడుగుమన్నవు గదా?"

"నిన్న మనం ప్రతిపక్షం. పొద్దుగాల కండువ మార్చిన. ఇప్పుడు మనది సర్పంచ్ పార్టీ."

మనది అంటే నాది కూడానట. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది.

అయినా లోపలికి పోయి, మీటింగులో లేచి అడిగాను. సర్పంచ్ నవ్వాడు.

"మనోళ్లయి ఉండి మమ్ములనే నిలదీస్తవా చెల్లె? కూసో."

ప్రతిపక్షమైతే పని కాదు, అధికార పక్షమైతే అడగకూడదు. మరి మోరీ కోసం ఏ పార్టీలో చేరాలో తెలిసినవాళ్లు చెప్పండి. కాగితమైతే చదివి పొయ్యిలో వేయమనేదాన్ని. ఇది వాట్సాప్ స్టేటస్ కదా, మా ఆయనకు మాత్రం చూపించకండి. ఇంట్లో ఇంకా ఆయనదే ప్రభుత్వం.