విత్తనాల గదిలో బజ్జీ ముక్క

గదిలో ఉన్నవి: విత్తనానికి దాచిన వేరుశనగ కాయల మూటలు ఏడు, చెక్క బోను ఒకటి, జిగురు అట్టలు రెండు. మనుషులు: అవ్వ, అమ్మ, నేను. ఎలుకలు ఎన్నో తెలియదు.

వాన పడగానే ఆ ఏడు మూటలూ మా మూడెకరాలకు సరిపోవాలి. బయటి విత్తనానికి అవ్వ ఒప్పుకోదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న రకాన్నే ఏటా విత్తి, ఏటా దాస్తుంది. గదిలోకి కోళ్లు వస్తాయి కాబట్టి మందు పెట్టే వీలు లేదు.

మొదటిరోజు జిగురు అట్టకు చిక్కింది అవ్వ చీర అంచు. వంటనూనె పూసి విడిపించేసరికి అరగంట పట్టింది.

"మీ కాలేజీలో ఎలుకను పట్టేది నేర్పించినారా, అవ్వను పట్టేది నేర్పించినారా?" అంది.

అట్టలు తీసేసి బోను పెట్టాను. తలుపు ఎంత బరువుకు పడుతుందో నాణేలు పెట్టి పరీక్షించాను. ఎరగా వేయించిన వేరుశనగ గింజలు నాలుగు. మూడు రోజులు ఏమీ పడలేదు. నాలుగో రోజు పాత ఫోను గూట్లో పెట్టి వీడియో తీశాను.

పొద్దున ఉగ్గాని తింటూ ముగ్గురం చూశాం. ఎలుక మూటలోంచి ఒక కాయ తెచ్చుకుని, బోను మీదికెక్కి కూర్చుని, తీరిగ్గా ఒలుచుకు తింది.

అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏమప్పా ఇంజనీరూ! బయట ఏడు మూటల బుడ్డలు ఉండాయి. నీ నాలుగు బుడ్డల కోసరం అది లోపలికి యాల పోతాది? దానికి కూచునేకి పీట వేసినావు."

నా పళ్లెంలోని మిరపకాయ బజ్జీని తుంచి, ఆ ముక్కను బోనులో గుచ్చింది. మర్నాడు ఎలుక పడింది. అప్పటినుంచి రోజూ ఒక బజ్జీ ముక్క, పొద్దునే ఎలుకను వదిలిరావడానికి బండి మీద వంక దాటి అవతలికి ఒక ప్రయాణం.

"ఎలుకలకు దినామూ బజ్జీ. నాకు ఆదివారం మాత్రమే!" అని అమ్మ సణిగేది.

పదో ఎలుక తర్వాత రెండు రోజులు బజ్జీ ముక్క అలాగే ఉంది. ఇక లేవనుకున్నాం.

వాన పడింది. కాయలు ఒలవడానికి మూటలు విప్పితే, గోడవైపు మూటలో అడుగంతా ఖాళీ తొక్కలే. అవ్వ ఒక గుప్పెడు తీసి చూసి, కింద పోసింది. గింజలు తూచి, లెక్కవేసి, పది సాళ్లకు విత్తనం చాలదని చెప్పాను.

"నీ లెక్క నోట్లో వేసుకో. గొర్రు పోనీ, సూస్తాం."

విత్తనం వేసే ట్రాక్టరు గొర్రు వెనకే అవ్వ చేనంతా నడిచింది. గింజ ఒత్తుగా పడినచోటల్లా డ్రైవర్‌ను కేకేసింది. సాయంత్రానికి విత్తనం అయిపోయింది. విత్తకుండా మిగిలినవి నాలుగు సాళ్లు.