ఎడమ పక్కన ఎర్రమొక్క

మా ఇంటికి చేపల తొట్టి రావడం దైవికం. నందిగామలో మావారితో పాటు బళ్ళో పనిచేసే సైన్సు మాస్టారు బదిలీ అయి వెళ్తూ, లారీలో వేస్తే పగిలిపోతుందని ఆ మూడడుగుల గాజుతొట్టిని మా వరండాలో దించి వెళ్ళారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. ఉత్త తొట్టి, ఒక గాలి మోటారు, పైన ట్యూబులైటు. అడగకుండా వచ్చినదాన్ని కాదనకూడదని నా నమ్మకం. మావారు బెజవాడ వెళ్ళినప్పుడు నీటిమొక్కలూ, గుప్పెడు చిన్నచేపలూ తెచ్చిపెట్టారు. ఇసకా రాళ్ళూ నేనే మునేటి ఒడ్డున ఏరుకొచ్చి, మూడు నీళ్ళు పోసి కడిగాను.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. జగ్గయ్యపేటలో నా చిన్నతనమంతా ఉబ్బసంతోనే గడిచింది. అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలూ ఎక్కాలూ నేర్పింది. కొలతలు మాత్రం ముగ్గుల్లోనే నేర్చుకున్నాను. నడిమధ్య చుక్క, దానికి నాలుగు పక్కలా సమానం. తొట్టీ అలాగే సర్దాను. పూజగూట్లో స్వామిని నిలిపినట్టు పెద్ద నల్లరాయి మధ్యలో, దానికి అటొకటి ఇటొకటి ఒకే ఎత్తు రాళ్ళు, వెనక రెండు వైపులా ఒకే పొడుగు గడ్డిమొక్కలు. రాతి ముందు, ఎర్రటి ఆకుల మొక్క ఒకటి. చూసుకుని మురిసిపోయాను.

ఓ ఆదివారం బడి డ్రాయింగు మాస్టారు కాఫీకి వచ్చి, తొట్టి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"చెల్లెమ్మా, హారతి ఎన్నింటికి?"

మావారు పగలబడి నవ్వారు. నా మొహం చిన్నబోయింది. అది చూసి మాస్టారు పురికొస అడిగి తీసుకుని, తొట్టి పొడుగును మూడు భాగాలు చేసి, గాజు మీద రెండు తాళ్ళు నిలువుగా వేలాడదీశారు.

"మధ్యలో పెడితే కన్ను అక్కడికెళ్ళి చతికిలబడుద్దమ్మా, ఇంక లేవదు. ఈ తాడు దగ్గర పెట్టు, అప్పుడు అటూ ఇటూ తిరుగుద్ది. రాళ్ళు కూడా కవలపిల్లల్లా ఉండకూడదు. పెద్దది జానెడుంటే రెండోది అందులో సగానికి కాస్త పైన, మూడోది ఇంకా చిన్నది. కన్ను మెట్లు దిగినట్టు దిగాలి."

సరేనన్నాను గానీ రాయి కదపలేదు. పెద్దవాళ్ళను పీట మీంచి లేపినట్టు అనిపించింది.

ఆ ఏడే మావారి అక్కకు పక్షవాతం వచ్చింది. వదిన జగ్గయ్యపేటలో ఒక్కతే ఉంటూ, ముందుగదిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. యాభై కూడా దాటలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే తీసుకొచ్చాం. ఎడమ చెయ్యీ కాలూ మెల్లగా స్వాధీనంలోకి వస్తున్నాయి. కానీ తనకు ఎడమ పక్క ఒకటుందన్న సంగతే ఆవిడకు గుర్తులేదు. కంచంలో కుడి సగం తిని, "పప్పు వెయ్యలేదేమే?" అనేది. పప్పు ఎడమ పక్కన అలాగే ఉండేది. కంచం తిప్పి పెడితే, "ఇప్పుడా వేసేది, అన్నం అయిపోయాక?" అనేది. నడిపిస్తుంటే ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకునేది.

ఆవిడకు కావలసింది తన ఇల్లూ, తన మిషనూ. "నన్నెప్పుడు పంపిస్తార్రా?" అని తమ్ముణ్ణి రోజూ అడిగేది. ఎడమ వైపు చూడటం అలవాటయ్యేదాకా ఒంటరిగా ఉంచొద్దని డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పారు.

వ్యాయామాలు చేయించడానికి చందర్లపాడు నుంచి వారానికి రెండుసార్లు ఒకమ్మాయి వచ్చేది. పని మొదలుపెట్టేముందు ఓ క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఆ చేతుల్లోని ఓర్పును ఈనాటికీ తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను.

"కళ్ళు బానే ఉన్నాయి ఆంటీ. అటు వెతకాలని ఆవిడకి తోచట్లేదు, అంతే. ఊరికే 'అటు చూడు, అటు చూడు' అంటే విసుక్కుంటారు. ఇష్టమైంది ఏదైనా ముందు కనపడే చోట పెట్టి, రోజులు గడిచేకొద్దీ ఎడమకి జరుపుతా ఉండండి," అంది.

వదినకు ఇష్టమైనవాటిలో తప్పులు పట్టడం ఒకటి. అందుకే ఆవిడ మంచం తొట్టికి ఎదురుగా వేయించాను. పడుకోగానే మొదలుపెట్టింది.

"సగం తొట్టి ఖాళీగా వదిలేశావేమే? గడ్డి చాల్లేదా?"

మధ్యరాయికి ఎడమనున్న మొక్కలు ఆవిడ లెక్కలో లేనేలేవు.

ఆ సాయంత్రం దీపం పెట్టి స్వామికి విన్నవించుకున్నాను. మర్నాడు పురికొసలు మళ్ళీ కట్టాను. పెద్దరాయిని లేపేముందు దానికో దణ్ణం పెట్టుకున్నాను. దాన్ని కుడి తాడు దగ్గర, ఎడమకు వాలి ఉండేట్టు నాటాను. పొడుగు గడ్డి కుడి చివరన ఉంచి, ఎడమకు వచ్చేకొద్దీ కురచగా కత్తిరించాను. కవలరాళ్ళు రెండూ తీసేసి, వాటికన్నా చిన్నరాయిని ఎడమ మూలన పెట్టాను. చుట్టూ పచ్చగా ఉంటేనే ఒక్క ఎరుపు కంటిని పిలుస్తుందని ఇంకే రంగు మొక్కా ఉంచలేదు. మాటిమాటికీ పీకితే వేళ్ళు చస్తాయి కాబట్టి ఎర్రమొక్కను చిన్న మట్టిముంతలో నాటి, ముంతను ఇసకలో పాతాను. పెద్దరాతి పక్కన మొదలుపెట్టి, మూడు రోజులకోసారి రెండు వేళ్ళ మేర జరిపేదాన్ని.

వదిన చూపు దాని వెంటే వచ్చింది. "చేపలు ఆ ఎర్రాకుల్లోనే దూరతన్నాయి, అక్కడేం పెట్టావ్?" అని అడిగేది. నాకు ఆశ పెరిగింది. ఆశతో పాటు తొందర కూడా. ఒకరోజు ముంతను ఒక్కసారే ఎడమ తాడు దగ్గరకు తీసుకెళ్ళిపోయాను.

వదిన చాలాసేపు తొట్టికేసి చూసింది. "మొక్క పీకేశావా?"

"ఉంది వదినా, చూడండి."

"నాకు పిచ్చా? లేనిదాన్ని ఉందంటావే!" కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇల్లు పోయింది, మిషను పోయింది. చూస్తా పడుకుందామంటే దాన్ని కూడా తీసేశావ్."

ఆ పూట వదిన అన్నం ముట్టలేదు. ఎంత గొప్ప పని చేస్తున్నానో అనుకున్నాను, చివరికి మంచాన ఉన్న మనిషిని ఏడిపించాను. ముంతను వెనక్కు తెచ్చి పెట్టి, ఆవిడ నిద్రపోయాక తొట్టి ముందు కూర్చుని చూశాను. పెద్దరాయికీ మూలనున్న చిన్నరాయికీ మధ్య, గడ్డికి ముందు, జానెడున్నర ఉత్త ఇసక. మాస్టారు చెప్పిన మెట్లలో నడిమి మెట్టు నేను పెట్టనేలేదు! మళ్ళీ మునేటికి వెళ్ళి, పెద్దరాతికి సగం కన్నా కాస్త మించిన రాయిని తెచ్చి ఆ ఖాళీలో నిలిపాను. దాని మొదట్లో పొట్టి గడ్డి వరసగా నాటాను. మూడు రోజులకు రెండు వేళ్ళ బదులు వారానికి ఒక వేలు చొప్పున జరిపాను.

చలికాలం వెళ్ళిపోయింది. ఎర్రమొక్క ఎడమ తాడు దాటింది. వదిన దాన్ని చూసేది, పోగొట్టుకునేది, తల ఎడమకు తిప్పి మళ్ళీ పట్టుకునేది. ఆ మెడ తిరుగుతున్నప్పుడల్లా నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

ఒక పొద్దున పూజ ముగించుకుని వచ్చి తొట్టిలో నీళ్ళు మారుస్తున్నాను.

"ఏమే, నీకు కళ్ళు కనపడటంలా?"

"ఏంటి వదినా?"

"ఆ మూల చిన్నరాయి వెనకాల గడ్డి కుళ్ళిపోయింది చూడు. నీళ్ళన్నీ కంపు కొడతయ్. ఎంతసేపూ ఈ ఎర్రమొక్క ముందే తచ్చాడతావ్, ఆ పక్కకి తిరిగి చూడవ్!"

వంగి చూశాను. నిజమే, గోధుమరంగుకు తిరిగిన ఆకులు నాలుగు. నాకు కనబడలేదు. చెయ్యి మోచేతిదాకా నీళ్ళల్లో ఉండగానే ఏడుపొచ్చేసింది.

"గడ్డి కుళ్ళితే ఏడుస్తారటే! పీకెయ్," అంది.

వేసవిలో వదిన జగ్గయ్యపేట వెళ్ళిపోయింది. ముందు ఒక నెల తోడుగా నేనుంటానన్నాను. "నువ్వుంటే నాకు పనెక్కువ," అని పంపించేసింది. మనసు నిలవక పదిరోజులకే బస్సెక్కాను.

ముందుగదిలో మిషను మునుపటి చోట లేదు. ఎప్పుడూ వాకిలికి ఎదురుగా ఉండేదాన్ని తిప్పించి, వాకిలి తన ఎడమ పక్కకు వచ్చేట్టు వేయించుకుంది. వచ్చేవాళ్ళను చూడాలంటే తల తిప్పక తప్పదు. అలా పెట్టమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మూరెడు దూరంలో ఇద్దరమ్మాయిలు జాకెట్టు ముక్కలు కత్తిరిస్తున్నారు. సూది కింద గుడ్డ నడుస్తోంది. నేను పలకరించకుండా గుమ్మంలోనే నిలబడ్డాను.

రెండు కుట్లు పడ్డాయి. మిషను ఆగింది. మెడ మెల్లగా ఎడమకు తిరిగింది, చూపు నా మొహం మీదికి వచ్చి నిలిచింది.

"అలా గుమ్మానికి అడ్డం నిలబడితే నాకు వెలుతురెలా వస్తదే? లోపలికి రా."