నూట ఎనభై రెండో రోజు

ఆ రోజుల్లో, అంటే రెండువేల దశకం నడిమధ్యన, నాకు దేవుడికన్నా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లంటేనే ఎక్కువ భయం. విచిత్రమేమిటంటే నేనున్నది సౌదీలో. అక్కడ మా జీతం మీద పన్నే లేదు. లేని పన్నుకి భయపడి, ఉన్న కాస్త బుర్రనీ గాలికొదిలేసిన ఘనుణ్ణి నేను. ఆసుపత్రుల్లో దుప్పట్లూ గౌన్లూ ఉతికే పెద్ద యంత్రాలు బాగుచేయడం నా ఉద్యోగం. కంపెనీ రియాద్‌లో, మూలనపడే యంత్రాలేమో తాయిఫ్ నుంచి నజ్రాన్ దాకా. నెలకి ఇరవై రోజులు వ్యాన్‌లోనే కాపురం. మిగతా పది రోజులూ రియాద్‌లోనే మలాజ్ అనే పేటలో ఆరుగురం సర్దుకునే గదిలో.

ఆ గదిలోనే ఉండేవాడు రూల్స్ బాబాయ్. మాది తెనాలి, ఆయనదీ ఆ పక్కే, కాబట్టి బాబాయ్. నోరు తెరిస్తే రూల్సే, కాబట్టి ఆ బిరుదు. ఇంటి దగ్గర ఎవరో ఆడిటర్ ఆఫీసులో ఆరు నెలలు పనిచేశాడట (ఫైళ్లు మోసుంటాడని నా అనుమానం, ఆ అనుమానం అప్పుడే వచ్చుంటే ఈ గొడవే లేదు). ఫిబ్రవరి, మార్చి నెలల్లో యాభై రోజుల సెలవు మీద వెళ్లి పెళ్లి చేసుకొచ్చిన నన్ను కూర్చోబెట్టి హితబోధ చేశాడు. "అబ్బాయ్, ఏడాదిలో నూట ఎనభై రెండో రోజు నువ్వు ఇండియాలో ఉన్నావా, ఇక్కడి జీతమంతటికీ అక్కడ పన్ను కట్టాల్సిందే. అసలే రోడ్లమీద తిరిగేవాడివి. ఏ రాత్రి ఎక్కడ పడుకున్నావో ఆధారం పెట్టుకో."

అంతే, మర్నాడే నల్లట్ట పుస్తకం కొన్నాను. తేదీ, ఊరు, రసీదు, సాక్షి సంతకం అని గళ్లు కొట్టాను. పాస్‌పోర్టులో ముద్రలుండగా ఈ తద్దినమెందుకని ఒక్కసారైనా తట్టలేదు. డీజిల్ రసీదు అంటించేవాణ్ణి, అది లేకపోతే ఎవరో ఒకరి కాళ్లావేళ్లా పడేవాణ్ణి. టైర్లకి పంక్చర్లేసే పాకిస్తానీ పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి ఉర్దూలో రెండు లైన్లు గీకిచ్చాడు. ఏం రాశాడో నాకిప్పటికీ తెలియదు, మంచిమాటలైతే అయ్యుండవు. నజ్రాన్ ఆసుపత్రిలో భీమవరం వైపు నర్సక్క ఒకావిడ ఉండేది. వెళ్లినప్పుడల్లా బట్టల కౌంటర్ మీదుగా ఓ చిన్న సీసాతో ఆవకాయ పంపేది. ఒకసారి ఆవిడ ముందు పుస్తకం చాపి, నిన్న రాత్రి ఇక్కడే బాయిలర్ పక్క గదిలో పడుకున్నాను, సాక్షి సంతకం పెట్టమని అడిగాను. ఆవిడ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఏంటి తమ్ముడూ, పరాయి మగాడివి, నువ్విక్కడ పడుకున్నావని ఆడదాన్ని నేను రాసివ్వాలా? ఈ దేశంలోనా?" అంది. ఆ తర్వాత రెండు ట్రిప్పులు ఆవకాయ రాలేదు.

జూలై మూడో వారానికి ఆసుపత్రులతో కాంట్రాక్టు అయిపోయింది. కొత్తది వచ్చేదాకా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, సగం జీతమిచ్చి ఇంటికి పంపాడు. తిరిగి వెళ్లడానికి రీఎంట్రీ వీసా గడువు డిసెంబరు ఆఖరు దాకా ఉంది. అప్పటికి మా ఆవిడకి ఐదో నెల. పురిటి సమయానికి పక్కనే ఉంటాననుకుని ఎంత సంబరపడ్డానో చెప్పలేను. సరిగ్గా నవంబరు చివర్లో బాబాయ్ ఫోన్ చేశాడు. గదిలో గోడ మీద క్యాలెండర్‌లో ఎర్రపెన్నుతో లెక్కపెట్టాడట. పెళ్లికి యాభై, ఈ విడత నెలాఖరుకి నూట ముప్పై. డిసెంబరు ఒకటిన బయటపడకపోతే మునిగావన్నాడు. డాక్టరమ్మ చూస్తే వారంలోపే కాన్పు అంటోంది. మా ఆవిడ పెద్దగా ఏడవలేదు. "ఎంత పన్ను పడుతుందో చెప్పండి. నా గాజులిస్తాను, కట్టేసి ఉండిపోండి" అంది. నీకు రూల్స్ తెలియవులే అన్నాను. నాకేదో తెలిసినట్టు! అలా అన్న నోటిని ఇవాళ్టికీ క్షమించలేదు నేను.

వెళ్లేసరికి కొత్త కాంట్రాక్టు మొదలై ఉంది. నాలుగో రోజు తాయిఫ్ కొండదారి కింద బంకులో డీజిల్ కొట్టిస్తుంటే ఫోన్ వచ్చింది. అమ్మాయట, ఇద్దరూ క్షేమమట. వ్యాన్ వెనక్కి వెళ్లి బావురుమన్నాను. అంత ఏడుస్తూనే రసీదు అడిగి తీసుకుని పుస్తకంలో అంటించాను. అంతటి బుద్ధిమంతుణ్ణి.

తర్వాతి వారం నజ్రాన్ వెళ్లి నర్సక్కకి మిఠాయి డబ్బా ఇచ్చాను. కోపం మరిచిపోయి సంతోషపడింది. మరి పురిటికి లేకుండా ఇక్కడేం చేస్తున్నావని అడిగింది. గొప్పగా లెక్కంతా వివరించాను. ఆవిడ ఊళ్లో ఇంటి అద్దె మీద ఏటా రిటర్న్ వేసే మనిషి. నోటిదాకా వెళ్లిన మిఠాయి మళ్లీ డబ్బాలో పెట్టేసింది. "ట్యాక్సు ఏడాది ఏప్రిల్లో కదా తమ్ముడూ మొదలయ్యేది? పెళ్లి సెలవు పోయినేటి లెక్క. నీకింకా యాభై రోజులున్నాయి" అంది. తిట్టినా బాగుండేది.

రియాద్ వెళ్లగానే బాబాయ్‌ని నిలదీశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, గోడకేసి చూసి, "నేనేం చేసేదిరా, మన క్యాలెండర్ జనవరిలో మొదలైంది" అన్నాడు. ఆ సాయంత్రమే ఇంకో కుర్రాడికి రూల్స్ చెబుతూ కనిపించాడు. ఆయన్నని ఏం లాభం? పుస్తకం కొన్నదీ, గళ్లు కొట్టిందీ, విమానం ఎక్కిందీ నేను. మళ్లీ సెలవు దొరికి అమ్మాయిని మొదటిసారి చూసేసరికి దానికి పది నెలలు. నన్ను చూసి జడుసుకుని వాళ్లమ్మ చంకెక్కింది.

మొన్నామధ్య బీరువా సర్దుతూ మా అమ్మాయి ఆ నల్లట్ట పుస్తకం బయటికి లాగింది. దానికిప్పుడు కాలేజీ అయిపోవచ్చింది. తన పుట్టినరోజు పేజీ వెతికి, "నాన్నా, నేను పుట్టినప్పుడు నువ్వు నలభై లీటర్ల డీజిల్ కొట్టించావు" అని చదివి పడిపడి నవ్వింది. రసీదు వెలిసిపోయింది గానీ, పక్కన నా చేత్తో రాసింది నిక్షేపంలా ఉంది. ఇన్నేళ్లలో ఆ పుస్తకం చూపించమని ఏ అధికారీ అడగలేదు. సాక్షి సంతకం గడి ఖాళీగా ఉందే అంటూ అది పెన్ను తీసుకుని ఏదో రాసి నా ఒళ్లో పడేసింది. ఆ నర్సక్క పెట్టనన్న సంతకం ఇన్నాళ్లకి పడింది. చూస్తే, "ఈ రోజు మా నాన్న ఇండియాలో లేడు" అని రాసి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో తన పేరు. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాను, అచ్చం మా బాబాయ్‌లా.